పెడల్ బలం, ఆంప్ ఓపిక

ట్యూబ్ ఆంప్‌ల మీద వాయించిన తరం మనకు ఒక అలవాటు అంటగట్టి వెళ్ళింది. సౌండ్‌లో పస లేదనిపిస్తే ఆంప్ ముందు ఒక బూస్ట్ పెడల్ పెట్టు, లెవెల్ నాబ్ కుడి చివరికి తిప్పు, మిగతాది ఆంప్ చూసుకుంటుంది. 1968లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ తెచ్చిన ఎల్‌పీబీ-1 చేసే పనల్లా ఇదే: గిటార్ సిగ్నల్‌ని పెంచి ఆంప్ మీదికి వదలడం. అప్పటి ఆంప్‌లకు అది బ్రహ్మాండంగా నప్పింది. ట్యూబ్‌కి మోతాదు మించి వోల్టేజీ ఇస్తే అది ఒక్కసారిగా తెగిపోదు, అంచుల్ని మెల్లగా గుండ్రం చేస్తుంది. రాక్ గిటార్‌లో మనకు నచ్చే ఆ గరుకు చాలావరకు అక్కడ పుట్టిందే.

ఇప్పుడు మీ ముందున్నది మోడలింగ్ ఆంప్. బాస్ కంపెనీ కటానా కావచ్చు, ఫెండర్ మస్టాంగ్ కావచ్చు, లైన్ 6 హీలిక్స్ లాంటి ఫ్లోర్ ప్రాసెసర్ కావచ్చు. పాత అలవాటు కొద్దీ అదే బూస్ట్‌ని అలాగే ముందు పెట్టి గట్టిగా ఒక కార్డ్ కొడితే, గరుకు రావలసిన చోట చిల్లు పడిన స్పీకర్ లాంటి చప్పుడు వస్తుంది. చాలామంది అక్కడితో "డిజిటల్ ఆంప్‌కి పెడళ్ళు పడవు" అని తీర్మానించేస్తారు. ఆ తీర్మానం తప్పు. పెడళ్ళు పడతాయి, లెవెల్ కుదిరితే. ఈ అధ్యాయం పని ఆ లెవెల్ కుదర్చడం వరకే. టోన్ జోలికి ఇందులో పోవడం లేదు. లెవెల్ తేలకుండా ట్రెబుల్, ప్రెజెన్స్ నాబ్‌లతో ఎంత కుస్తీ పట్టినా దండగే.

ముందు, ఎక్కడ పగులుతోంది?

మోడలింగ్ ఆంప్‌లో సిగ్నల్ పగలడానికి రెండు చోట్లున్నాయి. మొదటిది ఇన్‌పుట్ జాక్ వెనకే ఉండే కన్వర్టర్. గిటార్ పంపిన వోల్టేజీని అంకెలుగా మార్చేది అది. దానికి ఒక గరిష్ఠ అంకె ఉంటుంది. లోపలి మీటర్లలో దాన్నే సున్నా డీబీ అని చూపిస్తారు. అంతకు మించి వచ్చిందంతా సమంగా కత్తిరించినట్టు తెగిపోతుంది. రెండోది ఆ తర్వాత వచ్చే ఆంప్ మోడల్. అది లెక్కల్లో ట్యూబ్‌ని అనుకరిస్తుంది కాబట్టి అక్కడి పగుళ్ళు మనం కోరి తెచ్చుకునేవి. గెయిన్ నాబ్ ఉన్నది దానికే.

చిక్కేమిటంటే, గెయిన్, మాస్టర్, ప్యాచ్ వాల్యూమ్, ఈక్వలైజర్ అన్నీ కన్వర్టర్‌కి ఆవలే ఉంటాయి. గుమ్మంలోనే తెగిపోయిన సిగ్నల్‌ని లోపలున్న ఏ నాబూ బాగుచెయ్యలేదు. మన ఊళ్ళలో చర్చి వర్షిప్ టీముల్లో, ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ ఫెస్టుల్లో ఆంప్ మొయ్యకుండా ప్రాసెసర్ నుంచి నేరుగా మిక్సర్‌కి కేబుల్ ఇవ్వడం మామూలైపోయింది. సౌండ్ చెక్‌లో ఈ సంభాషణ కూడా అంతే మామూలు.

"అన్నా, మాస్టర్ సగానికి తగ్గించాను, ఇంకా బరబరలాడుతోంది."

"తమ్ముడూ, నీ దగ్గర్నుంచే పగిలి వస్తోంది. నేనిక్కడ ఫేడర్ దించితే ఆ పగిలిందే చిన్నగా వినపడుతుంది, అంతే."

ఆ సౌండ్ ఇంజనీర్ చెప్పింది అక్షరాలా నిజం. తేల్చుకోవడానికి పరీక్ష చాలా సులువు. ఆంప్ మోడల్‌ని, కుదిరితే క్యాబ్ మోడల్‌ని కూడా ఆపేసి, గిటార్ సౌండ్‌ని నేరుగా హెడ్‌ఫోన్‌లో వినండి. అలా ఆపే వీలు లేని ఆంప్ అయితే క్లీన్ చానల్ పెట్టి గెయిన్ బాగా తగ్గించండి. పెడళ్ళు ఇప్పుడున్నట్టే ఉంచి గట్టిగా కొట్టండి. బరబర పోయిందంటే అది మోడల్‌లో పుట్టింది. గెయిన్ తగ్గించుకుంటే సరిపోతుంది. పోలేదంటే పెడల్ దగ్గరైనా పగులుతూ ఉండాలి, కన్వర్టర్ దగ్గరైనా పగులుతూ ఉండాలి. అప్పుడు చివరి పెడల్ లెవెల్ నాబ్ సగానికి తగ్గించి చూడండి. చిన్నదై శుభ్రపడితే దోషం కన్వర్టర్ దగ్గర. చిన్నదైనా అలాగే గరగరలాడుతుంటే దోషం ఆ పెడల్ లోపలో, దాని ముందున్న పెడల్‌లోనో ఉంది.

చెవికి కూడా కొంత పట్టు దొరుకుతుంది. ట్యూబ్ తరహా పగుళ్ళు స్వరానికి అంటిపెట్టుకుని ఉంటాయి, నోట్ చిన్నదవుతుంటే అవీ మెల్లగా తగ్గుతాయి. కన్వర్టర్ తెగడం కొట్టిన క్షణంలో "టక్" మంటుంది, వెంటనే మాయమవుతుంది. పైతీగల మీద పెద్ద బెండ్ చేస్తున్నప్పుడు ఆ స్వరంతో పొత్తు లేని సన్నని ఈలలు కూడా వినపడొచ్చు. మీ ఆంప్‌లో యూఎస్‌బీ ద్వారా ఏ ఎఫెక్టూ లేని డ్రై సిగ్నల్ పంపే సౌకర్యం ఉంటే రెండు నిమిషాలు రికార్డ్ చేసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. కొండ కొమ్ముల్లా ఉండాల్సిన శిఖరాలు బల్లపరుపుగా కనపడితే ఇక వాదన అక్కర్లేదు.

వోల్టుల లెక్క కొంచెం

అంకెలంటే విసుగు ఉన్నవాళ్ళు కూడా ఈ ఒక్క భాగం ఓపిగ్గా చదవండి. మామూలు సింగిల్ కాయిల్ పికప్ సాధారణంగా వాయించేటప్పుడు ఇచ్చేది వోల్టులో పదో వంతు, ఐదో వంతు. బలమైన హంబకర్ మీద ఒళ్ళు మరచి కొడితే ఆ క్షణపు శిఖరం ఒక వోల్టు దాటుతుంది. స్టూడియో పరికరాలు మాట్లాడుకునే లైన్ లెవెల్ ఇంతకంటే పెద్దది. ఇంటి పరికరాల మైనస్ 10 డీబీవీ అంటే 0.316 వోల్టు. వృత్తి పరికరాల ప్లస్ 4 డీబీయూ అంటే 1.23 వోల్టు. రెండిటికీ మధ్య తేడా దాదాపు నాలుగు రెట్లు. డెసిబెల్ లెక్కలో 6 పెరిగితే వోల్టేజీ రెట్టింపు, 20 పెరిగితే పది రెట్లు.

ఇప్పుడు పెడల్ సంగతి. 9 వోల్టుల అడాప్టర్ మీద నడిచే పెడల్‌లో సిగ్నల్ పైకీ కిందికీ కలిపి ఊగగలిగేది మహా అయితే ఆ 9 వోల్టులే. అంటే సుమారు ప్లస్ 12 డీబీయూ. ఎంఎక్స్ఆర్ మైక్రో ఆంప్ లాంటి క్లీన్ బూస్ట్ 26 డీబీ దాకా, అంటే ఇరవై రెట్లు పెంచగలదు. మీ గిటార్ 0.2 వోల్టు ఇస్తుంటే దాన్ని 4 వోల్టులకు చేర్చాలన్నమాట. అంత చోటు ఆ డబ్బాలోనే లేదు, కాబట్టి ముందు అదే పగులుతుంది. అదే తరహా పెడల్‌ని 18 వోల్టుల మీద నడిపితే, లేదా లోపలే వోల్టేజీని రెట్టింపు చేసుకునే పెడల్ పెడితే, పైకప్పు ఇంకో 6 డీబీ పైకి జరుగుతుంది. పెడల్ శుభ్రంగానే ఉంటుంది, ఆ బరువంతా ఆంప్ ఇన్‌పుట్ మీద పడుతుంది. (18 వోల్టులు ఇవ్వొచ్చని పెడల్ మాన్యువల్‌లో ఉంటేనే ఇవ్వండి. లేదంటే లెవెల్ సమస్యతో పాటు పెడల్ కూడా పోతుంది.)

అందుకే మీ ఆంప్, ప్రాసెసర్ లేదా ఆడియో ఇంటర్‌ఫేస్ మాన్యువల్‌లో స్పెసిఫికేషన్ల పేజీ తీసి, ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ గరిష్ఠ లెవెల్ ఎన్ని డీబీయూ అని వెతకండి. 12 అని ఉంటే మామూలు 9 వోల్టుల పెడల్ దాన్ని అంచు దాకా నింపగలదే కానీ దాటడం కష్టం. అంతకంటే బాగా తక్కువగా ఉంటే బూస్ట్‌తో జాగ్రత్త తప్పదు. కొన్ని ఆంప్‌ల మాన్యువల్‌లో ఈ అంకె అసలు ఉండదు. అప్పుడు ఇన్‌పుట్ తెగుతున్నప్పుడు వెలిగే ఎర్ర లైటే గతి.

అరిచే పెడల్ కాదు, నెమ్మదైన పెడల్

ఇక్కడే చాలామంది అంచనా తారుమారవుతుంది. ఇన్‌పుట్‌ని పగలగొట్టేది డిస్టార్షన్ పెడల్ అనుకుంటారు, ఎందుకంటే చెవికి అదే భీకరంగా వినపడుతుంది. బాస్ డీఎస్-1 తీసుకోండి. దాని లోపల సిగ్నల్‌ని విపరీతంగా పెంచి, తర్వాత రెండు సిలికాన్ డయోడ్ల దగ్గర కత్తిరిస్తారు. ఆ డయోడ్లు అటూ ఇటూ సుమారు 0.6 వోల్టు దాటనివ్వవు. డిస్ట్ నాబ్ ఎంత తిప్పినా అరుపు చిక్కబడుతుందే కానీ శిఖరం పెరగదు. దాదాపు ఇదే పద్ధతి ర్యాట్‌లోనూ ఉంది. ఇవి ఆంప్ ఇన్‌పుట్‌కి పెద్ద ప్రమాదం కావు.

ప్రమాదం డయోడ్లు లేని పెడళ్ళతో. క్లీన్ బూస్ట్ మొదటి ముద్దాయి. రెండోది ఈక్వలైజర్: బాస్ జీఈ-7 లెవెల్ స్లైడర్ ఒక్కటే 15 డీబీ పెంచగలదు, దానికి తోడు మిడ్ స్లైడర్లు రెండు పైకి తోస్తే చెప్పేదేముంది. మూడోది కంప్రెసర్. సిగ్నల్‌ని అదుపు చేసే పెడల్ కదా, అది శిఖరాలు పెంచడమేమిటి అనిపిస్తుంది. అటాక్ నెమ్మదిగా పెట్టినప్పుడు పిక్ తగిలిన మొదటి క్షణం దాని చేతికి చిక్కకుండా జారిపోతుంది. దాని వెంట లెవెల్ నాబ్ ఇచ్చిన పెంపు మాత్రం ఆ క్షణానికి కూడా తగులుతుంది. చెవికి సౌండ్ సాఫీగా ఉంటుంది, మీటర్ మాత్రం ఎర్రబడుతుంది. వా పెడల్ కూడా ఈ జాబితాలోదే. కాలు ఆడుతున్నప్పుడు ఏదో ఒక చోట మీ నోటూ దాని శిఖరమూ కలుస్తాయి. బిగ్ మఫ్‌లో డయోడ్లు ఉన్నా చివర్లో మళ్ళీ ఒక ట్రాన్సిస్టర్ దశ సిగ్నల్‌ని లేపుతుంది, అందుకే దాని వాల్యూమ్ నాబ్‌ని సగం దాకా కూడా తిప్పాల్సిన పని సాధారణంగా ఉండదు.

కుదర్చడం మొదలుపెడదాం

పెడళ్ళ కేబుల్ పీకేసి గిటార్‌ని నేరుగా ఆంప్‌కి ఇవ్వండి. గిటార్ వాల్యూమ్ 10లో, స్విచ్ బ్రిడ్జ్ పికప్ మీద ఉండాలి. కొట్టడం మాత్రం స్టేజీ మీద కొట్టినట్టు కొట్టండి. ఇంట్లో కుర్చీలో కూర్చుని వేళ్ళతో నిమిరితే వచ్చే లెవెల్‌కీ, డ్రమ్మర్ పక్కన నిలబడి కొట్టేటప్పటి లెవెల్‌కీ ఎక్కడా పోలిక ఉండదు. ఓపెన్ ఈ కార్డ్ నాలుగైదు సార్లు, తర్వాత ఆరో తీగ మీద పామ్ మ్యూట్. హంబకర్ల మీద చాలాసార్లు పెద్ద శిఖరం వచ్చేది ఆ పామ్ మ్యూట్ దగ్గరే, కార్డ్ దగ్గర కాదు.

ఒట్టి గిటార్‌తోనే ఎర్ర లైటు వెలుగుతుంటే ప్యాడ్ (ఇన్‌పుట్ లెవెల్ తగ్గించే సెట్టింగ్) ఆన్ చెయ్యండి. హీలిక్స్‌లో ఇది గ్లోబల్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ప్యాడ్ లేని ఆంప్ అయితే పికప్ పక్క స్క్రూలు అర చుట్టు తిప్పి తీగల నుంచి కొంచెం దూరం జరపండి. సౌండ్ అంతగా మారదు, శిఖరాలు తగ్గుతాయి. లెవెల్ చూపే మీటర్ ఉంటే ఒట్టి గిటార్ శిఖరాలు మైనస్ 12 దగ్గర ఉండేలా చూసుకోవడం మంచిది, పెడళ్ళకి అంత చోటు మిగలాలి. 24 బిట్ల కన్వర్టర్‌లో ఆ 12 డీబీ వదిలేసినంత మాత్రాన సౌండ్ నాణ్యతకి వచ్చే లోటేమీ లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కొన్ని యూనిట్లలో ఇన్‌పుట్ నాబ్ తిప్పితే మోడల్‌కి చేరే గెయిన్ మారదు. ఫ్రాక్టల్ యాక్స్-ఎఫ్ఎక్స్ 2లో కన్వర్టర్ ముందు ఎంత తగ్గిస్తే తర్వాత అంత కలిపేస్తారు. ఆ నాబ్ రొద తగ్గించడానికే. కంప్యూటర్‌లో ప్లగిన్ వాడేవాళ్ళకి ఆ సదుపాయం లేదు. ఇంటర్‌ఫేస్ గెయిన్ నాబ్ 10 డీబీ పెంచితే ఆంప్ మోడల్‌ని 10 డీబీ బూస్ట్‌తో తోసినట్టే లెక్క. క్లీన్ ప్రీసెట్ కూడా గరగరలాడుతుంది. న్యూరల్ ఆంప్ మోడలర్‌లో మీ ఇంటర్‌ఫేస్ గరిష్ఠ డీబీయూ అంకె నింపే చోటు పెట్టింది ఇందుకే. మీ పరికరం ఏ రకమో తెలియకపోతే ఇన్‌పుట్ నాబ్ కొంచెం తగ్గించి వినండి. డిస్టార్షన్ తగ్గితే రెండో రకం.

ఇప్పుడు పెడళ్ళు, ఒక్కొక్కటిగా. ప్యాచ్ క్లీన్‌గా ఉండాలి. గెయిన్ ఎక్కువ ఉన్న ప్యాచ్ ఎంత ఎక్కువ ఇచ్చినా అదే లౌడ్‌నెస్‌తో వినిపించి తేడాని దాచేస్తుంది. పెడల్ ఆన్ చేసినా ఆఫ్ చేసినా లౌడ్‌నెస్ ఒకటే ఉండేలా దాని లెవెల్ నాబ్ సర్దండి. గిటారిస్టులు యూనిటీ అనేది దీన్నే. బాగుంది కదా అని కాస్త పైకి వదలొద్దు. చెవి ఎప్పుడూ లౌడ్‌గా ఉన్నదానికే మార్కులు వేస్తుంది, ఒక్క డీబీ తేడా ఉన్నా సరే. కొత్త పెడల్ కొన్నరోజు అద్భుతంగా అనిపించి నెల తిరిగేసరికి చప్పబడిపోవడానికి ఇదే కారణం అని నా గట్టి అనుమానం.

అన్నీ సమానం అయ్యాక, వీటిలో ఆంప్‌ని తొయ్యాల్సింది ఏదో మీరు నిర్ణయించుకోండి. ఒక్కటి చాలు. దానికి 3 నుంచి 6 డీబీ అదనంగా ఇవ్వండి. చాలలేదనిపిస్తే పెడల్ లెవెల్ పెంచకండి, ప్రాసెసర్ లోపలే ఒక బూస్ట్ బ్లాక్ పెట్టుకోండి, లేదా మోడల్ గెయిన్ పెంచండి. కన్వర్టర్ దాటాక లోపలి లెక్కలకి చోటు చాలా ఎక్కువ, అక్కడ తోస్తే గుమ్మం దగ్గర తెగే భయం లేదు. ట్యూబ్ ఆంప్‌లో పెడల్ చేసిన పనిని ఇక్కడ బ్లాక్ చేస్తుంది. దీన్ని చిన్నతనంగా భావించే పెడల్ ప్రియులున్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు, కానీ కళ్ళు మూసుకుని తేడా పట్టుకోమంటే పట్టుకోగలిగేవాళ్ళు తక్కువ.

చివరగా, పాటలో ఎప్పుడైనా కలిపి వాడే పెడళ్ళన్నీ ఒకేసారి ఆన్ చేసి, వా మీద కాలు ఆడిస్తూ, గట్టిగా కొట్టండి. ఎర్ర లైటు వెలిగితే వరుసలో ఆఖరి పెడల్ లెవెల్ తగ్గించండి. దానికి నాబ్ లేకపోతే జీఈ-7 లాంటిదాన్ని చివర పెట్టి లెవెల్ స్లైడర్ కిందికి దించండి. పెంచడానికి కొన్న పెడల్ తగ్గించడానికి కూడా అంతే పనికొస్తుంది.

లెవెల్ అనిపించే ఇంపీడెన్స్

"లెవెల్ చాలట్లేదు, సౌండ్ మూగబోయింది" అనే ఫిర్యాదుల్లో సగం లెవెల్‌కి సంబంధించినవి కావు. గిటార్ పికప్‌కి ఎదురుగా సుమారు 1 మెగోమ్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10 కిలోఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. గిటార్‌ని నేరుగా అందులో పెడితే పై ఫ్రీక్వెన్సీలు చచ్చిపోతాయి, ఎంత పెంచినా ప్రాణం రాదు. మధ్యలో బఫర్ (ఇంపీడెన్స్ తేడా నుంచి సిగ్నల్‌ని కాపాడే చిన్న సర్క్యూట్) ఉన్న పెడల్ ఒక్కటి ఉన్నా ఈ బాధ పోతుంది. బాస్ పెడళ్ళలో చాలావాటికి ఆఫ్‌లో ఉన్నా బఫర్ పనిచేస్తూనే ఉంటుంది. ఫజ్ ఫేస్ మాత్రం మొండిది. దానికి ముందు బఫర్ ఉంటే నచ్చదు, గిటార్ పక్కనే మొదటి స్థానం ఇవ్వాలి. వాల్యూమ్ పెడల్ కొనేటప్పుడు కూడా ఇది చూడాలి. బాస్ ఎఫ్‌వీ-500హెచ్ గిటార్‌కి నేరుగా, ఎఫ్‌వీ-500ఎల్ బఫర్ తర్వాత లేదా లైన్ సిగ్నల్‌కి.

లూప్‌లో పెడళ్ళు

డిలే, రివర్బ్ పెడళ్ళని ఎఫెక్ట్స్ లూప్‌లో, అంటే ఆంప్ సెండ్, రిటర్న్ జాక్‌ల మధ్య పెట్టుకునేవాళ్ళు ఒక స్విచ్ చూసుకోవాలి. ఆ లూప్ ఇన్‌స్ట్రుమెంట్ లెవెల్‌లో ఉందా, లైన్ లెవెల్‌లో ఉందా? లైన్ అంటే సగటు 1.23 వోల్టులు, పిక్ తగిలిన శిఖరాలు దానికి ఎన్నో రెట్లు. 9 వోల్టుల పెడల్ అంత మింగలేదు. డిలే పెడల్ లోపల కూడా కన్వర్టర్ ఉంటే అది కూడా తెగుతుంది, ఆ తెగిన ముక్క ప్రతిధ్వనిలో పదే పదే వినపడుతుంది. హీలిక్స్ లాంటివాటిలో సెండ్, రిటర్న్ రెండిటినీ ఇన్‌స్ట్రుమెంట్‌కి మార్చే సెట్టింగ్ ఉంది. రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే లూప్ ఆన్ చేసినప్పుడు సౌండ్ ఒక్కసారిగా పెరగడమో పడిపోవడమో జరుగుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే, లూప్‌లో పెడళ్ళన్నీ ఆఫ్‌లో ఉన్నప్పుడు లూప్ ఉన్నా లేకపోయినా లౌడ్‌నెస్ ఒకటే ఉండాలి.

ఇక ప్యాచ్‌లు ఒకదానితో ఒకటి సమానం చేసుకునే పని మిగిలింది. అది హెడ్‌ఫోన్‌లో రాత్రిపూట చేసే పని కాదు. సౌండ్ చిన్నగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ తక్కువగా వినపడుతుందని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. ఇంట్లో లోటనిపించి కలిపిన బేస్ అంతా హాల్లో బురదలా తేలుతుంది. రిహార్సల్ గదిలో, డ్రమ్స్ మోగుతుండగా ప్యాచ్ వాల్యూమ్‌లు సర్దుకోండి.

కుదిరిన లెవెళ్ళకి నాబ్‌ల పక్కన చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. వేరే గిటార్ తెచ్చినా, పికప్ ఎత్తు మార్చినా, వరుసలో కొత్త పెడల్ చేరినా ఆ గుర్తులు చెల్లవు. పీకేసి, ఒట్టి గిటార్ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.